ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము: మన ఒంటి కావలివాళ్ళు ఎందుకు గెలవలేరు?

(రోగుల కుటుంబ సభ్యుల కొరకు ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వార్డులో మీ మనిషిని వదిలి ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. మీ మనసంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు. కాబట్టి మీకు ఇంటి దగ్గర పనికొచ్చే మాటలే చెబుతాను.

రాళ్ళ పని చేసి జబ్బు పడినవాళ్ళ మంచాల దగ్గర బంధువులు మమ్మల్ని మూడు ప్రశ్నలు ఎక్కువగా అడుగుతుంటారు. మొదటిది: "సిస్టరమ్మా, ఆయన క్వారీ పని మానేసి నాలుగేళ్ళయింది. ఇంటి దగ్గరే కూర్చోబెట్టి చూసుకుంటున్నాం. అయినా ఆయాసం ఎందుకు పెరుగుతోంది?" రెండవది: "టి.బి. మందులు పూర్తిగా వాడాం కదా, మళ్ళీ టి.బి. అంటున్నారేమిటి?" మూడవది: "ఒంట్లో శక్తి లేకనే కదా ఇదంతా? నిరోధక శక్తి పెరగడానికి మంచి టానిక్ ఏదైనా రాయించండి."

ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరుకుతుంది. అది మన ఒంట్లోని రోగ నిరోధక వ్యవస్థ. దుమ్ముకు, దానికి మధ్య ఏం జరుగుతుందో తెలిస్తే ఏది చేయాలో, దేనికి డబ్బు పోగొట్టుకోకూడదో మీకే అర్థమవుతుంది.

కంటికి కనిపించని దుమ్మే ప్రమాదం

మార్కాపురం పలకల రాయి, చీమకుర్తి గ్రానైటు, బేతంచర్ల నాపరాళ్ళు, గూడూరు వైపు పలుగురాయి, ఊరూరా ఉన్న కంకర మిషన్లు – మన తెలుగు ప్రాంతాల్లో రాయిని నమ్ముకుని బతికే కుటుంబాలు లెక్కలేనన్ని. ఈ రాళ్ళలో చాలావాటిలో సిలికా అనే పదార్థం ఉంటుంది. పలుగురాయి దాదాపు అంతా సిలికానే. రాయి రాయిగా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. దానిని డ్రిల్లు చేసినప్పుడు, కోసినప్పుడు, నూరినప్పుడు, పాలిష్ పట్టినప్పుడు లేచే దుమ్ములో ఉంది అసలు సంగతి.

పెద్ద రేణువులు ముక్కులోను, గొంతులోను ఆగిపోతాయి. తుమ్ముతోనో, కళ్ళెతోనో బయటికి వచ్చేస్తాయి. శ్వాసనాళాల లోపలి గోడకు సన్నని నూగు ఉంటుంది. అది చీపురులాగా పనిచేసి మరికొంత దుమ్మును పైకి నెడుతుంది. కానీ 5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ఈ కాపలాలన్నిటినీ దాటిపోతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఈ రేణువు ఎంత చిన్నదో మీరే ఊహించుకోండి. మామూలుగా అది కంటికి ఆనదు. గాలిలో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. "ఇప్పుడు దుమ్ము లేదులే" అని ముఖానికి కట్టిన గుడ్డ తీసిన సమయంలో కూడా అది లోపలికి వెళుతూనే ఉంటుంది.

అది చేరే చోటు వాయుకోశాలు. ఇవి ఊపిరితిత్తుల చిట్టచివర ఉండే బుడగల్లాంటి చిన్న చిన్న గాలి గదులు. ఒక మనిషిలో ఇవి 30 కోట్లకు పైగా ఉంటాయి. ప్రాణవాయువు రక్తంలోకి ఎక్కేది ఇక్కడే. ఇక్కడ చీపుర్లు లేవు. ఇక్కడ ఉన్నది కావలివాళ్ళు మాత్రమే.

కావలివాడు రాయిని మింగితే

ఈ కావలివాళ్ళను వైద్య భాషలో మాక్రోఫేజ్‌లు అంటారు. తెలుగులో భక్షక కణాలు అనవచ్చు. ఇవి రోగ నిరోధక వ్యవస్థకు చెందిన కణాలు. గాలి గదుల్లో తిరుగుతూ ఉంటాయి. సూక్ష్మజీవి వచ్చినా, పొగ మసి వచ్చినా పట్టుకుని మింగేస్తాయి. ప్రతి కణంలోనూ ఆమ్లంతో, జీర్ణరసాలతో నిండిన చిన్న సంచులు ఉంటాయి. మింగినదాన్ని ఆ సంచిలో వేసి అరిగించేస్తాయి. మనం నిద్రపోతున్నా వాటికి విశ్రాంతి లేదు. దేవుడు మన దేహంలో పెట్టిన కాపలా ఇది.

సిలికా రేణువు వచ్చినప్పుడు కూడా ఈ కణం తన పని తాను చేస్తుంది. నమ్మకంగా వెళ్ళి దానిని మింగుతుంది. కానీ రాయి అరగదు కదా! సూక్ష్మజీవి అయితే అరుగుతుంది, రాయి అరగదు. పైగా అప్పుడే విరిగిన రాతి రేణువు పైభాగం ఆ సంచి గోడను దెబ్బతీస్తుంది. సంచి చిల్లు పడి అందులోని రసాలు కణం లోపలే ఒలికిపోతాయి. ఆ కణం వెంటనే ప్రమాద సంకేతాలు పంపుతుంది. కణంలో ఈ గంట కొట్టే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో 2008లో శాస్త్రవేత్తలు స్పష్టంగా చూపించారు. దానికి ఇన్‌ఫ్లమసోమ్ అని పేరు. ఆ గంట విని మరిన్ని తెల్ల కణాలు పరుగెత్తుకొస్తాయి. అక్కడ వాపు మొదలవుతుంది.

చివరికి ఆ కావలి కణం చచ్చిపోతుంది. రేణువు మాత్రం చెక్కుచెదరకుండా బయట పడుతుంది. ఇంకొక కణం వచ్చి దానినే మింగుతుంది. అది కూడా చచ్చిపోతుంది. ఒకే రేణువు ఇలా ఎన్నో కణాలను బలి తీసుకుంటుంది.

ఇక దానిని అరిగించలేమని శరీరం రెండవ ఉపాయం చేస్తుంది. దాని చుట్టూ గోడ కడుతుంది. చేతికి గాయమైతే మానిన చోట గట్టి మచ్చ పడుతుంది కదా, అలాంటి పీచు పదార్థాన్నే తెచ్చి రేణువుల చుట్టూ పొరలు పొరలుగా చుడుతుంది. ఎక్స్‌రేలో డాక్టరుగారు మీకు చూపించే చిన్న చిన్న తెల్లని గుండ్రటి మచ్చలు ఇవే. ఉల్లిగడ్డ పొరల్లాగా ఉంటాయి. కొన్నేళ్ళకు పక్కపక్క మచ్చలు కలిసిపోయి పెద్ద గడ్డలవుతాయి. మెత్తగా ఉబ్బి తగ్గవలసిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. అదే మీరు చూస్తున్న ఆయాసం. ఈ జబ్బు పేరు సిలికోసిస్.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. పని మానేసినా లోపల చేరిన రేణువులు అక్కడే ఉన్నాయి. వాటితో కావలి కణాల పోరాటం ఆగలేదు. అందుకే జబ్బు పెరగవచ్చు. "అయితే పని మానడం దండగేనా?" అంటారేమో. ఎంతమాత్రం కాదు. లోపలికి పోయిన దుమ్ము ఎంత ఎక్కువైతే జబ్బు అంత త్వరగా ముదురుతుంది. కొత్త దుమ్మును ఆపడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. మామూలుగా పదేళ్ళు, అంతకు మించి దుమ్ములో పనిచేశాక ఈ జబ్బు బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువగా ఉన్న చోట, అంటే మూసిన షెడ్డులో పలుగురాయి పిండి పట్టే పనిలాంటి వాటిలో, అయిదేళ్ళ లోపే, ఒక్కొక్కసారి నెలల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. మన పిల్లలు అక్షరాలు దిద్దే బలపాలను కోసే మిషన్ల దగ్గర పనిచేసి మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ ప్రాంతంలో ఎందరో చిన్న వయసులోనే ఈ జబ్బు పాలయ్యారు.

టి.బి. ఎందుకు వెంటబడుతుంది?

రెండవ ప్రశ్నకు వద్దాం. టి.బి. క్రిమి గాలి ద్వారా లోపలికి వచ్చినప్పుడు దానిని మొట్టమొదట పట్టుకోవలసింది ఎవరు? ఈ భక్షక కణాలే. కానీ అవి అప్పటికే రాయిని మింగి నలిగిపోయి ఉన్నాయి. కొన్ని చచ్చిపోతున్నాయి, కొన్ని బతికి ఉన్నా క్రిమిని చంపే శక్తి తగ్గిపోయి ఉన్నాయి. పంటచేను కావలివాడు ఒక మూల మంటలార్పుతూ ఉంటే ఇంకొక మూల పశువులు పడి మేసినట్లే ఇది కూడా. ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతున్న టి.బి. క్రిమి కూడా ఇదే అదనుగా లేస్తుంది. అందువల్ల సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టి.బి. వచ్చే ప్రమాదం మిగతావారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకసారి తగ్గినా మళ్ళీ రావచ్చు. దుమ్ములో పని మానేసిన ఎన్నో ఏళ్ళకు కూడా రావచ్చు.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. దగ్గు, బరువు తగ్గడం, ఆయాసం – రెండు జబ్బుల్లోనూ ఇవే లక్షణాలు. ఎక్స్‌రేలో మచ్చలు కూడా ఒకదానికొకటి పోలి ఉంటాయి. అందుచేత దుమ్ము జబ్బును టి.బి. అనుకుని మందులు మింగేవాళ్ళున్నారు. నిజంగా టి.బి. ఉన్నా "ఇది దుమ్ము జబ్బేలే" అని వదిలేసేవాళ్ళూ ఉన్నారు. రెండూ ప్రమాదమే. తేడా తెలియాలంటే కళ్ళె పరీక్ష చేయించాలి. దానితోపాటు డాక్టరుగారికి మీరు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. మీ మనిషి ఇరవై ఏళ్ళ క్రితం రెండేళ్ళు క్వారీలో పనిచేసినా సరే, బావి తవ్వకంలో బండలు పేల్చినా సరే, రోళ్ళు, తిరగళ్ళు కొట్టినా సరే, అది తప్పక చెప్పండి. "ఇప్పుడేం పని చేస్తున్నాడు" అని అడిగితే "ఆటో తోలుతున్నాడు" అని ఊరుకోకండి. ఇరవై ఏళ్ళ నాటి పనిలోనే జబ్బు మూలం ఉండవచ్చు.

మరొక మాట. సిలికోసిస్ అంటువ్యాధి కాదు. ఆయన కంచంలో తిన్నా, పక్కన కూర్చున్నా ఎవరికీ రాదు. టి.బి. కలిస్తే మాత్రం అది అంటుకుంటుంది. అప్పుడు ఇంట్లో అందరూ, ముఖ్యంగా చిన్నపిల్లలు, పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టి.బి. పరీక్షలు, మందులు ఉచితం. మందులు వాడే కాలంలో మంచి ఆహారం కోసం ప్రభుత్వం డబ్బు కూడా బ్యాంకు ఖాతాలో వేస్తుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలుపెట్టి, 2024 నవంబరు నుండి 1000 రూపాయలకు పెంచారు. సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టి.బి. మందులు మామూలు గడువు కంటే ఎక్కువ నెలలు వాడవలసి రావచ్చు. "ఆరు నెలలయింది కదా" అని మీ అంతట మీరు ఆపకండి.

రోగ నిరోధక వ్యవస్థ దారి తప్పడం ఇంతటితో ఆగకపోవచ్చు. ఏళ్ళ తరబడి గంట మోగుతూనే ఉండడం వల్ల కొందరిలో అది సొంత శరీరాన్నే శత్రువు అనుకుంటుంది. రాతి దుమ్ములో పనిచేసినవాళ్ళలో కీళ్ళవాతం, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వంటి జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. వేళ్ళ కీళ్ళు వాచినా, చలికి వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కినా డాక్టరుగారికి చెప్పండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సరుకు కూడా కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ప్రకటించింది. బీడీ, సిగరెట్ తోడైతే ప్రమాదం మరీ పెరుగుతుంది.

బెల్లం, టానిక్, స్టెరాయిడ్

ఇప్పుడు మూడవ ప్రశ్న. "నిరోధక శక్తి తక్కువై వచ్చిందా?" కాదు. మీ మనిషి ఒంట్లో కావలి కణాలు బలహీనంగా ఉండి ఈ జబ్బు రాలేదు. అవి తమ పని నమ్మకంగా చేసినందువల్లే వాపు వచ్చింది, మచ్చ పడింది. గెలవడానికి వీలులేని పోరాటంలోకి వాటిని దింపింది దుమ్ము. కాబట్టి ఏ టానిక్కూ రాయిని అరిగించలేదు. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పాలు, ఆకుకూరలు కొని పెట్టండి. తిండి బాగుంటే టి.బి.ని ఎదుర్కోవడానికి ఒంటికి ఆధారం ఉంటుంది.

"పని నుంచి వచ్చాక బెల్లం ముక్క, అరటిపండు తింటే దుమ్ము కిందికి దిగిపోతుంది" అనే నమ్మకం రాళ్ళ పనివాళ్ళలో చాలా ఉంది. బెల్లం పోయేది కడుపులోకి. దుమ్ము ఉన్నది ఊపిరితిత్తుల్లో. ఆ దారి వేరు, ఈ దారి వేరు. తినండి, తప్పులేదు. కానీ అది రక్షణ అనుకుని దుమ్ములోకి వెళ్ళకండి.

"ఊపిరితిత్తులను కడిగి తీసేయలేరా?" అని కూడా అడుగుతారు. రేణువులు గొట్టంలో పడి ఉంటే కడగవచ్చు. అవి మచ్చల లోపల, గోడ కట్టిన చోట ఇరుక్కుని ఉన్నాయి. ఆ మచ్చలను కడిగి తీయలేం.

అన్నిటికంటే ప్రమాదమైనది మీకు చెప్పాలి. ఊళ్ళో ఆయాసానికి వేసే కొన్ని ఇంజెక్షన్లు, చిన్న తెల్ల బిళ్ళలు స్టెరాయిడ్లు అయి ఉంటాయి. రెండు రోజులు హాయిగా ఉన్నట్లనిపిస్తుంది. కానీ స్టెరాయిడ్ కావలివాళ్ళ చేతులు కట్టేస్తుంది. లోపల టి.బి. ఉంటే చెలరేగుతుంది. డాక్టరు చూసి, టి.బి. పరీక్ష చేసి, లెక్క ప్రకారం ఇస్తే అది వేరు. చీటీ లేకుండా దుకాణంలో కొని వేయకండి.

ఇంటి దగ్గర మీరు చేయవలసినవి

ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఈ మాట చెప్పడం నాకూ కష్టమే. కానీ చేయవలసింది ఏమీ లేదనుకోకండి. చాలా ఉంది.

1. బీడీ, సిగరెట్ పూర్తిగా మానిపించండి. ఇంట్లో వేరేవాళ్ళు కూడా ఆయన దగ్గర కాల్చకూడదు. కట్టెల పొయ్యి పొగకు దూరంగా మంచం వేయండి.

2. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం – వీటిలో ఏది కనిపించినా కళ్ళె పరీక్ష చేయించండి. ఏ బాధా లేకపోయినా, నిద్రలో ఉన్న టి.బి. క్రిమికి ముందుగానే మందు వాడాలా అని డాక్టరుగారిని అడగండి.

3. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరుగారు చెప్పిన ప్రకారం వేయించండి.

4. ఊపిరి వ్యాయామం చేయించండి. ముక్కుతో గాలి పీల్చి, ఎదురుగా దీపం ఉంటే జ్వాల ఊగాలి గాని ఆరకూడదు అన్నట్లుగా పెదవులు ముడిచి నెమ్మదిగా వదలాలి. రోజూ కొంచెం నడవాలి. మంచానికే పరిమితమైతే కండలు కరిగి ఆయాసం ఇంకా పెరుగుతుంది.

5. ఇంటికి ఆక్సిజన్ రాస్తే చెప్పిన గంటలు, చెప్పిన కొలతలోనే వాడండి. దాని దగ్గర పొయ్యి, దీపం, అగరుబత్తి, బీడీ ఏదీ ఉండకూడదు.

6. కళ్ళెలో రక్తం పడినా, ఒక్కసారిగా ఛాతీ నొప్పితో ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, కాళ్ళు వాచినా, మత్తుగా పడుకున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇంకా ఆ పనికి వెళ్ళే కొడుకులు, అన్నదమ్ములు

తండ్రి మంచాన పడగానే ఇల్లు గడవడానికి కొడుకు అదే మిషను దగ్గరికి వెళుతున్నాడు. ఇది చూస్తుంటే మాకు చాలా దిగులుగా ఉంటుంది. పని మానుకోమని చెప్పడం తేలిక, మీ పరిస్థితి అంత తేలిక కాదని తెలుసు. అయితే కొన్ని మాటలు గట్టిగా చెబుతాను.

తుండుగుడ్డ, చీర కొంగు, చేతిరుమాలు ఈ సన్నని దుమ్మును ఆపలేవు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్‌-95 రకం మాస్కు కావాలి. ఒత్తుగా గడ్డం ఉంటే పక్కల సందుల్లోంచి దుమ్ము పోతుంది. మాస్కు కంటే ముఖ్యమైనది అసలు దుమ్ము లేవకుండా చేయడం. నీళ్ళు పోస్తూ కోయడం, తడి డ్రిల్లింగు, దుమ్ము లాగే యంత్రం – ఇవి పెట్టించవలసిన బాధ్యత యజమానిది. పొడి చీపురుతో ఊడవకూడదు. గాలి పంపుతో బట్టలు దులపకూడదు. పని బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల మధ్య విదిలించకూడదు. అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి. ఆ బట్టలు ఉతికే అక్కలు ముందు నీళ్ళలో ముంచి ఆ తర్వాతే ముట్టుకోండి. ఏడాదికొకసారి ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష చేయించండి.

ఈమధ్య వంటగదుల్లో వేస్తున్న తయారీ క్వార్ట్జ్ బండల సంగతి కూడా తెలుసుకోండి. వాటిలో కొన్నింటిలో నూటికి 90 పాళ్ళకు పైగా సిలికా ఉంటుంది. వాటిని కోసే యువకులకు ఈ జబ్బు రావడం చూసి ఆస్ట్రేలియా దేశం 2024 జూలై 1 నుండి వాటిని నిషేధించింది. మన పిల్లలు ఆ పనిలో ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి.

కాగితాలు దాచండి. సిలికోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో ఇది ఉండేది. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ జాబితాలోనూ ఉంది. నష్టపరిహారం ఇవ్వవలసిన జబ్బుల్లో కూడా సిలికోసిస్ ఉంది. అందుచేత పనిచేసిన చోట్లు, ఏ ఏడాది నుండి ఏ ఏడాది వరకు, మేస్త్రీ పేరు, కూలి చీటీలు, గుర్తింపు కార్డు, ఇ.ఎస్‌.ఐ. కార్డు అన్నీ ఒక సంచిలో పెట్టండి. పాత ఎక్స్‌రేలు తడవకుండా దాచండి. అవి మాకు జబ్బు నడక చూపిస్తాయి, మీకు సాక్ష్యంగా పనికొస్తాయి. కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది.

చివరిగా ఒక్క మాట. "ఏ పాపం చేశామో, మాకే ఎందుకు వచ్చింది" అని మంచం పక్కన ఏడ్చే తల్లులను, భార్యలను చూస్తూ ఉంటాం. పుట్టుగుడ్డివాని గూర్చి శిష్యులు కూడా ప్రభువును ఇదే అడిగారు. వాడు గాని, వాని కన్నవారు గాని చేసిన పాపం వల్ల కాదని ఆయన జవాబిచ్చినట్లు యోహాను సువార్త 9వ అధ్యాయంలో చదువుతాం. మీ మనిషి కుటుంబం కోసం కష్టపడ్డాడు. ఆయన దేహం కూడా చివరి కణం వరకు నమ్మకంగా పోరాడుతోంది. తప్పు ఆయనదీ కాదు, ఆయన రక్తానిదీ కాదు. ఆపవలసిన దుమ్మును ఆపకపోవడంలో ఉంది తప్పు. ఆయనను నిందించకండి. ఆయన కొడుకును ఆ దుమ్ము నుండి కాపాడండి.

ప్రభువు మీ అందరి ఇళ్ళను ఆదరించి, మీకు బలమిచ్చును గాక. సందేహాలుంటే వార్డులో ఏ సిస్టర్‌నైనా అడగండి.